వెలితి ఎక్కడి నుంచి వస్తుంది? మనసులోకి చూసుకోవడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను గుంటూరులో చాలా ఏళ్ళు స్కూల్ టీచరుగా పనిచేశాను. ఇప్పుడు విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్నాను. "అన్నీ బాగానే ఉన్నాయి, కానీ లోపల ఏదో వెలితిగా ఉంది" అని నాకు నేను చెప్పుకోవడం ఎప్పుడు మొదలైందో గుర్తు లేదు. ఎనిమిదేళ్ళ క్రితం ఒక రూళ్ళ నోటుబుక్కు కొనుక్కుని ఆ వెలితి సంగతి తేల్చుకుందామని కూర్చున్నాను. అప్పటి నుంచి స్నేహితులు, పాత విద్యార్థులు, వాళ్ళ అమ్మలు నన్ను అడిగిన ప్రశ్నలు ఇవి. నేను డాక్టర్ని కాను, సైకాలజిస్టునీ కాను. చదివి తెలుసుకున్నది కొంత, నా మీద నేను ప్రయత్నించి చూసింది కొంత చెబుతున్నాను.

వెలితి అంటే సరిగ్గా ఏమిటి? దిగులు, వెలితి ఒకటేనా?

ఒకటి కాదు. దిగులుకి మామూలుగా ఒక కారణం కనిపిస్తుంది. మనిషి పోయారు, డబ్బు పోయింది, పిల్లాడు ఫెయిలయ్యాడు. వెలితికి అలాంటి పేరేమీ ఉండదు. పెళ్ళి పందిట్లో అందరి మధ్య భోంచేస్తుండగా వస్తుంది. ఆదివారం మధ్యాహ్నం పడుకుని లేచి, టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నప్పుడు వస్తుంది.

అసలు ఆ మాటనే ఒకసారి చూడండి. మా అమ్మమ్మ బియ్యం సోలతో కొలిచి ఇచ్చేది. అంచు దాకా రాకపోతే "వెలితిగా ఉందే, ఇంకో గుప్పెడు పొయ్యి" అనేది. అంటే ఇది కొలతల మాట. బియ్యం ఎన్ని ఉన్నాయో ఈ మాట చెప్పదు. ఆ పాత్ర అంచుకి ఎంత తగ్గాయో చెబుతుంది. అవే బియ్యం గిద్దలో పోస్తే పొర్లిపోతాయి, కుంచంలో పోస్తే అడుగున ఎక్కడో కనిపిస్తాయి.

నాకు ఈ సంగతి తట్టిన రోజు చాలాసేపు వంటింట్లో అలాగే నిలబడిపోయాను. "నాకు వెలితిగా ఉంది" అనుకున్న ప్రతిసారీ నాలో ఏం తగ్గిందా అనే వెతుక్కున్నాను తప్ప, ఏ పాత్రతో కొలుచుకుంటున్నానో, దాన్ని నా చేతికి ఎవరిచ్చారో ఎప్పుడూ చూసుకోలేదు. ఇక్కడ నేను చెప్పేదంతా చాలావరకు ఆ పాత్ర గురించే.

"నీకేం తక్కువ? తిన్నదరక్క వచ్చే ఆలోచనలు ఇవి" అంటున్నారు ఇంట్లో. నిజమేనా?

ఆ మాట అన్నవాళ్ళ మీద కోపం పెట్టుకోకండి. మన పెద్దవాళ్ళలో చాలామంది కడుపు నిండని రోజులు చూసినవాళ్ళు. వాళ్ళకి "లోటు" అంటే ఆ లోటే.

కానీ మాట మాత్రం నిజం కాదు. గుంటూరులో మా పక్క వాటాలో ఒకామె ఉండేది. మిరపకాయల సీజన్లో తొడిమలు తీసే కూలికి వెళ్ళేది. సాయంత్రానికి చేతులు మంటలెత్తిపోతే మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. ఒకరోజు నాతో అంది: "పనిలో ఉన్నంతసేపూ ఏమీ తెలీదు టీచరుగారూ. ఇంటికొచ్చి కూర్చుంటే లోపల బోసిగా ఉంటది." ఆమెకి అరగని తిండి ఎక్కడిది? వెలితి అన్ని ఇళ్ళలోనూ ఉంటుంది. చెప్పుకునే తీరిక కొందరికే దొరుకుతుంది.

ఇది డిప్రెషన్ ఏమో అని భయంగా ఉంది. ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. మిగతా ప్రశ్నల కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

రెండు వారాలకు పైగా, దాదాపు రోజంతా మనసు కుంగిపోయి ఉండటం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, వీటితో పాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత తారుమారు కావడం, లేవడానికే ఓపిక లేకపోవడం ఉంటే నోటుబుక్కు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పీహెచ్‌క్యూ 9 అని తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది. గడిచిన రెండు వారాలు ఎలా ఉన్నారో అందులో అడుగుతారు. డాక్టర్లు మొదటి అంచనాకి దాన్ని వాడతారు. దాంతోనే జబ్బు ఖాయమైపోదు, డాక్టరు మాట్లాడి చూడాల్సిందే. రక్తపరీక్ష కూడా అడగండి. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, బీ12 తక్కువైనా నీరసం, నిరాశ రావచ్చు. నాకు తెలిసిన ఒకమ్మాయి ఏడాది పాటు "నా జీవితానికి అర్థం ఏమిటి" అని రాసుకుంది. తర్వాత పరీక్ష చేయిస్తే థైరాయిడ్ బాగా తగ్గి ఉందని తేలింది. మందు మొదలుపెట్టాక సగం ప్రశ్నలు వాటంతట అవే పోయాయి. మిగిలిన సగం గురించి ఇప్పుడు నిమ్మళంగా ఆలోచించుకుంటోంది.

చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఎవరికైనా చెప్పండి. మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళు ఫోను చేసి మాట్లాడే సాయం టెలీమానస్, నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఓపీ చీటీ తీసుకుని నేరుగా చూపించుకోవచ్చు. పిచ్చాసుపత్రికి వెళ్ళినట్టని ఎవరైనా అంటే అననివ్వండి.

సరే, డాక్టరు ఏమీ లేదన్నారు. వెలితి మాత్రం ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి రెండు వారాలు ఏమీ ఆలోచించకండి. వెలితి వచ్చినప్పుడల్లా నాలుగు సంగతులు మాత్రం రాయండి: వారంలో ఏ రోజు, ఎన్ని గంటలకి, అంతకు ముందు ఏం చేస్తున్నారు, ఒంట్లో ఎక్కడ తెలిసింది. ఒక్కొక్కసారికి రెండు వాక్యాలు చాలు. పాలవాడి లెక్క రాసినట్టు రాయండి. కారణాలు వెతకొద్దు, తీర్పులు చెప్పొద్దు.

ఇది మరీ చిన్న పనిలా అనిపించి చాలామంది వదిలేస్తారు. నేనూ మొదట వదిలేశాను. మొదటి వారంలోనే పదిహేను పేజీలు వేదాంతం రాశాను. ఇప్పుడు చదివితే అందులో నా గురించి ఒక్క ముక్క లేదు. రెండోసారి లెక్కలా రాయడం మొదలుపెట్టాను. మూడు నెలల్లో ముప్ఫై ఎనిమిది సార్లు రాశాను. ఒకరోజు పెన్సిల్‌తో లెక్కపెడితే అందులో పన్నెండు ఆదివారం సాయంత్రాలే. అదీ నాలుగూ అయిదూ మధ్య. ఏళ్ళ తరబడి "ఎప్పుడూ వెలితిగానే ఉంటుంది" అని అందరికీ చెప్పుకుంటూ వచ్చిన దాన్ని నేను. మంగళవారం ఉదయం నాకు ఏ వెలితీ లేదని ఆ రోజు దాకా తెలియదు.

"ఎప్పుడూ" అనే మాట మొదట విరగాలి. అది విరిగాక వెతకడానికి చోటు దొరుకుతుంది.

మరి ఆదివారం సాయంత్రం ఏముంది?

ఇది చాలామంది అడుగుతారు కాబట్టి చెబుతాను.

ఇంటర్మీడియట్‌లో మా నాన్న నన్ను హాస్టల్లో వేశారు. మెడిసిన్ ఎంట్రన్సు కోసం. ఆ కాలేజీ పేరు అనవసరం. ఉదయం అయిదింటికి గంట కొట్టేవారు, మార్కుల వరుసలో కూర్చోబెట్టేవారు. ఆదివారాల్లో నాన్న వచ్చేవారు. అమ్మ పంపిన పచ్చళ్ళు, జంతికలు ఇచ్చి, ఈ వారం టెస్టులో ఎంత అని అడిగి, సాయంత్రం నాలుగున్నర బస్సుకి వెళ్ళిపోయేవారు. నేను గేటు దగ్గర నిలబడేదాన్ని. మార్కులు బాగా వచ్చిన వారం తల నిమిరేవారు. రాని వారం చెయ్యి జేబులోనే ఉండేది.

సీటు రాలేదు. తర్వాత బీఈడీ చేశాను, టీచర్నయ్యాను, నా పనిని ప్రేమించాను. కానీ గుంటూరు మెడికల్ కాలేజీ ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ నేను నడక వేగం పెంచేదాన్నని నోటుబుక్కు రాయకముందు గమనించనేలేదు. 1946 నుంచీ ఉన్న కాలేజీ అది. మా ఊళ్ళో అందులో సీటంటే కుటుంబం మొత్తానికి బిరుదు. నా సోల ఏమిటో అప్పుడు తెలిసింది. అది మా నాన్న చెయ్యి. నా తల మీదికి వస్తుందా రాదా అని యాభై ఏళ్ళొచ్చాక కూడా ఆదివారం నాలుగున్నరకి ఎదురుచూస్తున్నాను.

ఇది తెలియగానే వెలితి మాయమైపోయిందని అనుకోకండి. తెలిసిన తర్వాతి ఆదివారం కూడా వచ్చింది. కాకపోతే ఏమిటో తెలియని భయంగా రాలేదు, పాత పరిచయంలా వచ్చింది.

మా పాత్ర ఎవరిదో మేమెలా కనిపెట్టాలి?

"నేను ఈపాటికి..." అని మొదలుపెట్టి వాక్యం పూర్తి చేయండి. పది వాక్యాలు. నేను ఈపాటికి సొంత ఇల్లు కట్టుకోవాల్సింది. నేను ఈపాటికి పిల్లల్ని సెటిల్ చేసి ఉండాల్సింది. తర్వాత ఒక్కో వాక్యాన్నీ గట్టిగా చదివి, ఏ గొంతులో వినిపిస్తోందో చూడండి. చాలా వాక్యాలు మీ గొంతులో వినిపించవు. మేనమామ గొంతు, మొదటి మేనేజరు గొంతు, పదో తరగతి లెక్కల మాస్టారి గొంతు.

టోరీ హిగిన్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1987లో ఒక మంచి తేడా చూపించాడు. మనం కావాలనుకున్న మనిషికీ ఇప్పుడున్న మనకీ మధ్య దూరం ఉంటే నిరాశ, నిరుత్సాహం వస్తాయి. మనం ఇలా ఉండి తీరాలని మన మీద పెట్టిన మనిషికీ మనకీ మధ్య దూరం ఉంటే టెన్షన్, తప్పు చేసిన భావన వస్తాయి. కాబట్టి వెలితి వచ్చినప్పుడు అది నీరసంలా ఉందా, గుండెదడలా ఉందా అని చూసుకోవడం పనికొస్తుంది. మొదటిదైతే వదిలేసుకున్న మీ కోరిక ఏదో అడుగున ఉండొచ్చు. రెండోదైతే ఎవరో పెట్టిన బాధ్యత. నా మట్టుకు నాకు దడే ఎక్కువ. డాక్టరు కావాలని నాకు నిజంగా ఎప్పుడూ లేదని నమ్మడానికి చాలాకాలం పట్టింది.

"నాకెందుకు ఇలా?" అని ఎంత ఆలోచిస్తే అంత దిగులు పెరుగుతోంది. ఆత్మపరిశీలన మంచిదేనా అసలు?

మీరు చేస్తున్నది ఆత్మపరిశీలన కాదు, నెమరు. గేదె నెమరు వేస్తే మేత అరుగుతుంది. మనసు నెమరు వేస్తే అదే ముద్ద గంటసేపు నోట్లో తిరుగుతుంది, మింగుడు పడదు. సుసాన్ నోలెన్ హోక్సెమా అనే పరిశోధకురాలు 1991 నాటికే దీని మీద రాసింది. బాధ వచ్చినప్పుడు దాని కారణాల చుట్టూ, లక్షణాల చుట్టూ అదే పనిగా తిరిగేవాళ్ళలో కుంగుబాటు ఎక్కువకాలం నిలుస్తుందని ఆమె పరిశోధనల సారాంశం.

రెండింటికీ తేడా కనిపెట్టడం కష్టం కాదు. పావుగంట కూర్చున్నాక చేతికి కొత్తది ఒక్కటైనా దొరికితే అది పరిశీలన. ఒక తారీకు, ఒక ముఖం, "ఓహో" అనిపించే చిన్న సంగతి, ఏదైనా సరే. అదే వాక్యం మూడోసారి రాస్తున్నారంటే నెమరు మొదలైంది. వెంటనే మూసేసి లేవండి. అంట్లు తోమండి, మొక్కలకి నీళ్ళు పోయండి, కూరగాయలకి రైతుబజారుకి వెళ్ళండి. పారిపోయినట్టు కాదు. రేపు రావడానికి లేస్తున్నారు.

"ఎందుకు" అన్న ప్రశ్న దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఎందుకు అని అడిగితే మనసు తనకి తోచిన కథ ఏదో ఒకటి అల్లి ఇచ్చేస్తుంది, మనమే దాన్ని నమ్ముతాం. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి మాట తర్వాత, అప్పుడు ఏం కావాలనిపించింది అని అడిగితే కథలు అల్లడం అంత తేలిక కాదు.

ఇంకో పద్ధతి ఉంది. మీ పేరు పెట్టి మీ గురించి రాసుకోండి. "నాకు ఏడుపొచ్చింది" అని రాయకుండా "లక్ష్మికి ఏడుపొచ్చింది. ఆమె ఆ రోజు పొద్దున్నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు" అని. ఈథన్ క్రాస్, ఆయనతో పనిచేసినవాళ్ళు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, "నేను" అనకుండా సొంత పేరుతో తమ గురించి ఆలోచించుకున్నవాళ్ళు ఒత్తిడిని మెరుగ్గా తట్టుకున్నారు. నాకు మొదట నవ్వొచ్చింది. కానీ అలా రాసినప్పుడు నా మీద నాకు జాలి కలిగింది. పక్కింటి పిల్ల మీద కలిగే జాలి లాంటిది. అంతకు ముందు నా మీద నాకు విసుగే ఉండేది.

రోజూ రాయాలా? ఎంతసేపు?

రోజూ అక్కర్లేదు. లెక్క రాసే రెండు వారాలు అయ్యాక, వారానికి రెండుసార్లు, పదిహేను నిమిషాలు చాలు. జేమ్స్ పెన్నిబేకర్, సాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు, మనసుని కలచివేసిన సంఘటనల గురించి రాశారు. జరిగిందీ, అనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్ళు రాసిన వెంటనే ఇంకా దిగులుపడ్డారు. తర్వాతి నెలల్లో మాత్రం ఆరోగ్య కేంద్రానికి తక్కువగా వెళ్ళారు. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే లాభం చిన్నదే, అందరికీ ఒకేలా ఉండదు. రాసిన సాయంత్రం బరువుగా ఉంటే కంగారు పడకండి. వారాల తరబడి అలాగే ఉంటే మానేయండి.

రాసింది ఇంట్లోవాళ్ళు చదివితే?

కోడళ్ళు, ఇంటర్ చదివే పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న. రాసి చించేయండి. రాయడంలోనే పని సగం అయిపోతుంది, దాచుకోవడం తప్పనిసరి కాదు. తారీకు, టైము మాత్రం క్యాలెండర్ గళ్ళలో చుక్క పెట్టుకోండి. పాల లెక్కో గ్యాస్ లెక్కో అనుకుంటారు.

ఇంట్లో ఒంటరిగా కూర్చునే చోటే లేదు. ఏం చేయాలి?

రెండు గదుల ఇల్లు, టీవీ, అత్తగారు, ట్యూషన్ పిల్లలు. నాకు తెలుసు. నడవండి. ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1.2 కిలోమీటర్లు. సీతానగరం వైపు దాకా వెళ్ళి వెనక్కి వస్తే అరగంట పడుతుంది. గాలికి మాటలు ఎవరికీ వినిపించవు కాబట్టి నేను పైకే మాట్లాడుకుంటూ నడుస్తాను. వేసవిలో తెల్లారకముందే వెళ్ళాలి, మన బెజవాడ ఎండ సంగతి తెలిసిందేగా. గుంటూరులో ఉన్నప్పుడు బ్రాడీపేట అడ్డరోడ్లు నాకు ఆ పని చేసి పెట్టాయి. అన్నీ నంబర్ల వరుసే కాబట్టి దారి గురించి ఆలోచించనక్కర్లేదు.

ఫోను ఇంట్లో వదిలేయండి. మొదటిసారి చాలా ఇబ్బందిగా ఉంటుంది, అది మీ ఒక్కరికే కాదు. 2014లో అమెరికాలో తిమోతీ విల్సన్ బృందం మనుషుల్ని పదిహేను నిమిషాలు ఖాళీ గదిలో వాళ్ళ ఆలోచనలతో వదిలేసింది. పక్కన ఒక బటన్, నొక్కితే చిన్న కరెంటు షాకు. ఆ షాకు తప్పించుకోవడానికి డబ్బులైనా ఇస్తామని ముందు చెప్పినవాళ్ళలోనే 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో ఆరుగురు తమకి తాము షాకు ఇచ్చుకున్నారు. ఊరికే కూర్చోవడం అంత కష్టమైన పని. అయిదు నిమిషాలతో మొదలుపెట్టండి.

ఇతరుల్ని చూసినప్పుడే నాకు వెలితి వస్తుంది. ఫోను మానేస్తే పోతుందా?

కొంత తగ్గుతుంది. ఫోను లేని రోజుల్లోనూ మన దగ్గర ఇది ఉండేదే. పొరుగింటి పుల్లకూర సామెత వాట్సాప్ స్టేటస్ చూసి పుట్టింది కాదుగా. లియాన్ ఫెస్టింగర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1954లోనే చెప్పాడు. మనం ఎలా ఉన్నామో కొలుచుకోవడానికి ఖచ్చితమైన కొలబద్ద దొరకనప్పుడు పక్కమనిషితో కొలుచుకుంటాం, అదీ మనకి దగ్గరగా ఉన్నవాళ్ళతో. అందుకే ఎక్కడో ఉన్న కోటీశ్వరుడి ఇల్లు మనకి నిద్ర చెడగొట్టదు. తోటికోడలి ఇల్లు చెడగొడుతుంది.

మన రెండు ఊళ్ళలో ఈ బాధ మరీ ఎక్కువని నా అభిప్రాయం. ఫలితాలు రాగానే బెంజ్ సర్కిల్ నుంచి గుంటూరు శంకర్ విలాస్ సెంటర్ దాకా ర్యాంకుల ఫ్లెక్సీలు. పిల్లల ముఖాలు, పక్కన అంకెలు. అందులో లేని పిల్లలు వాటి కింద నుంచే బస్సెక్కి ఇంటికి వెళ్తారు. నేను టీచర్ని, ఆ రోజుల్లో పిల్లలు క్లాసులో ఎలా కూర్చునేవారో చూశాను. పదిహేడేళ్ళ పిల్లకి అంత పెద్ద సోల చేతికిచ్చి, జీవితాంతం దాంతో కొలుచుకోమనడం అన్యాయం. ఇది నేను ఎక్కడైనా, ఎవరి ముందైనా అంటాను.

ఒక పని చేసి చూడండి. ఎవర్ని చూస్తే మీకు వెలితి వస్తుందో వాళ్ళ పేర్లు రాయండి. ఒక్కొక్కరి దగ్గరా మీకు నిజంగా కావాలనిపించేది ఏమిటో రాయండి. అమెరికాలో ఉన్న స్నేహితురాలి పేరు పక్కన "డాలర్లు" అని రాయబోయి, చివరికి "ఎవర్నీ అడక్కుండా నిర్ణయాలు తీసుకుంటుంది" అని రాసింది ఒకామె. డాలర్లు ఆమెకి ఇప్పుడప్పుడే రావు. అడక్కుండా తీసుకునే నిర్ణయం మాత్రం ఆ వారమే ఒకటి తీసుకుంది. టైలరింగ్ క్లాసులో చేరింది.

అనుకున్నవన్నీ సాధించాక కూడా ఎందుకు ఇలా ఉంది?

ఫ్లాటు గృహప్రవేశం అయిన మూడో నెలకే ఈ ప్రశ్న మొదలవుతుంది. అలవాటు పడిపోవడం మనసు స్వభావం. ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం 1978లో లాటరీ తగిలిన 22 మందిని అడిగితే, వాళ్ళు మామూలు వాళ్ళకంటే చెప్పుకోదగ్గంత సంతోషంగా ఏమీ లేరు. పైగా రోజువారీ చిన్న చిన్న సంగతుల్లో తక్కువ ఆనందం దొరుకుతోందని చెప్పారు. చిన్న అధ్యయనమే అది, దాని మీద సిద్ధాంతాలు కట్టక్కర్లేదు. కానీ సోల నిండే సమయానికి మనం దాన్ని కుంచంతో మార్చేసుకుంటామని మన అనుభవమే చెబుతుంది.

చిన్నప్పటి విషయాలు తవ్వితే అమ్మానాన్నల మీద కోపం వస్తోంది. తప్పా?

కోపం రావడం తప్పు కాదు. వెంటనే ఫోను చేసి నిలదీయకండి. కొన్ని వారాలు ఆగి, అప్పుడు వాళ్ళ వయసెంత, ఎంత జీతం, ఎవరి భయంతో బతుకుతున్నారు అని కూడా రాయండి. మా నాన్నకి అప్పుడు నలభై మూడు. పొలం అమ్మి నా ఫీజు కట్టారు. ఈ వాక్యం రాసినందువల్ల నా బాధ తగ్గలేదు, పక్కన ఇంకో బాధ వచ్చి కూర్చుంది. అయినా రాయాల్సిన వాక్యమే.

పూజలు, ధ్యానం చేస్తే ఈ వెలితి పోదా?

చాలామందికి ఊరట దొరుకుతుంది. భవానీ దీక్ష తీసుకుని ఇంద్రకీలాద్రి మెట్లెక్కి దిగినవాళ్ళ ముఖాల్లో నేను ఆ నిండుతనం చూశాను. దాన్ని తక్కువ చేసే అర్హత నాకు లేదు. చూసుకోవాల్సింది ఒక్కటే. పూజ చేస్తున్నప్పుడు కూడా "పక్కామె సహస్రనామం పూర్తి చేసింది, నాకు కుదరలేదు" అనిపిస్తుంటే, పాత సోలే పూజగదిలోకి వచ్చిందన్నమాట.

నాకు నచ్చిన ఇంకో సంగతి చెబుతాను. అమరావతి స్తూపం శిల్పాల్లో తొలినాటి వాటిలో బుద్ధుడి రూపం ఉండదు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, బోధివృక్షం ఉంటాయి. ఆ ఖాళీ ఆసనం చుట్టూ జనం చేతులు జోడించి నిలబడి ఉంటారు. మొదటిసారి చూసినప్పుడు శిల్పి చెక్కడం మరిచిపోయాడేమో అనుకున్నాను. ఆ ఖాళీకి మొక్కుతున్నారని తర్వాత తెలిసింది. లోపల ఖాళీ కనిపించిన ప్రతిసారీ దాంట్లో ఏదో ఒకటి పోసెయ్యాలని లేదు, కాసేపు దాని ఎదురుగా కూర్చోవచ్చు అని నాకు ఆ శిల్పం దగ్గరే అనిపించింది. బౌద్ధం చెప్పేది ఇదేనని అనడం లేదు, నాకు తోచింది చెబుతున్నాను.

ఒకవేళ నిజంగానే ఏదో లేకపోతే? అదీ మన కొలతే అనుకోవాలా?

అనుకోకూడదు. ఇది గట్టిగా చెప్పాలి. భర్త పోయిన మనిషికి, పిల్లలందరూ వేరే దేశాల్లో ఉండి పండక్కి వీడియో కాల్ తప్ప మనిషి అలికిడి లేని దంపతులకి, జీతం చాలని ఇంటికి, ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడపిల్లకి "నీ పాత్ర చూసుకో" అని చెప్పడం క్రూరత్వం. వాళ్ళకి తగ్గింది నిజంగానే తగ్గింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు, పెళ్ళినాటి ఫొటోలతో సహా అన్నీ పోగొట్టుకున్న ఒకావిడ నాకు తెలుసు. ఇల్లు మళ్ళీ సర్దుకున్నాక కూడా బోసిగా ఉందంది. ఆమెకి కావాల్సింది నోటుబుక్కు కాదు. బంధువుల ఇళ్ళలో ఉన్న ఆ పెళ్ళి ఫొటోల కాపీలు సేకరించి ఇచ్చారు ఆమె చెల్లెళ్ళు. దగ్గర కూర్చుని ఒక్కో ఫొటో చూస్తూ ఏడ్చారు.

కాబట్టి పరిశీలనలో నిజమైన లోటు బయటపడితే రాయడం ఆపి పని మొదలుపెట్టండి. ఒంటరితనమైతే మనిషి కావాలి. నిద్ర తక్కువైతే నిద్ర కావాలి. అన్యాయమైతే ఎదిరించాలి, ఒక్కరి వల్ల కాకపోతే సాయం తీసుకోవాలి.

ఎవరికైనా చెప్పుకోవాలా, మనలోనే ఉంచుకోవాలా?

ఒక్కరికైనా చెప్పండి. సలహాలివ్వని మనిషిని ఎంచుకోండి. "ఇంకేం కావాలే నీకు" అనే పెద్దమ్మా, వెంటనే జాతకం తెమ్మనే బాబాయీ వద్దు. అలాంటి మనిషి ఎవరూ దొరక్కపోతే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళడం డబ్బు వృథా కాదు.

ఎన్నాళ్ళకి పోతుంది? అసలు పోతుందా?

నాకు ఎనిమిదేళ్ళయింది. వారానికి రెండు మూడుసార్లు వచ్చేది ఇప్పుడు నెలకి ఒకటి రెండుసార్లు వస్తోంది. వచ్చేది మాత్రం ఇప్పటికీ ఎక్కువగా ఆదివారం సాయంత్రమే. నాలుగింటికి టీ పెట్టుకుని వరండాలో కూర్చుంటాను. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి ఇప్పుడు గుంటూరు లక్ష్మీపురంలో ఉంది. వాళ్ళ నాన్న కూడా ఆ బస్సుకే వెళ్ళేవారు. ఆ సంగతి ఇన్నేళ్ళూ మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నిరుడు నేనే కదిపాను. అప్పటి నుంచి ఆదివారాలు ఫోను చేసుకుంటున్నాం. పోయిన వారం నేను టీ వడగడుతుండగానే మోగింది. "ఏం చేస్తున్నావే?" అంది. టైము నాలుగూ ఇరవై.